బొడోని అక్షరమూ మన సావనీరు అట్టా

(సాయంకాలపు తెలుగు తరగతి వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో వక్తలు పోతన గారిని గురించో, త్యాగయ్య గారిని గురించో మాట్లాడడం ఆనవాయితీ. నాకు అంత పాండిత్యం లేదు. నేను ఈ దేశపు ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై యేళ్లకు పైగా చిత్రలేఖనం నేర్పిన మాస్టారిని. మా తాత శ్రీకాకుళం వైపు నుండి పెరాక్ రాష్ట్రంలోని బగాన్ డాతో కొబ్బరి తోటలకు వచ్చాడు. ఆయన తెలుగు మాట్లాడాడు, వేలిముద్ర వేశాడు. మా నాన్న తెలుగు మాట్లాడాడు, రూమీ లిపిలో సంతకం చేశాడు. నేను నలభై దాటిన తరువాత ఇదే హాలులో, ఇవే బల్లల మీద అఆలు దిద్దుకున్నాను. నా మాటలో అక్కడక్కడ పుస్తకపు వాసన తగిలితే కారణం అదే.

ఒక లాభం మాత్రం ఉంది. చిన్ననాడే అక్షరాలు వచ్చినవారికి అక్షరం కనబడదు, అర్థమే కనబడుతుంది. పెద్దయిన తరువాత నేర్చుకున్నవాడికి ప్రతి తలకట్టూ, ప్రతి కొమ్మూ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఆ ఆకారాన్ని గురించే.

ఈ ఏడాది సాంస్కృతికోత్సవాల సావనీరు అట్టకు మన యువకులు ఒక నమూనా తయారుచేశారు. సంఘం పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, చాలా అందంగా ఉంది. దాని కింద అదే పేరు తెలుగులో ఉంది. చూసినవారందరూ ఇంగ్లీషు వరుసను మెచ్చుకున్నారు. తెలుగు వరుస "పాతకాలంగా ఉంది మాస్టారూ" అన్నది మా తరగతిలో పదమూడేళ్ల అమ్మాయి. లోపలి పేజీలు కూడా ఆ ఇంగ్లీషు అక్షరంతోనే, తెలుగు పేజీలు దానికి సరిపోయే సన్నని తెలుగు అక్షరంతోనే వేయాలని ఒక సూచన వచ్చింది. కార్యవర్గం ఇంకా నిర్ణయం చేయలేదు. చేసేలోగా ఆ అక్షరం ఎవరిదో, ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం మంచిది.

దాని పేరు బొడోని. మీరందరూ దానినో, దాని దగ్గర చుట్టాలనో చూసే ఉంటారు. అత్తరు సీసాల మీద, పెళ్లి శుభలేఖల మీద, వోగ్ వంటి ఆడవారి ఫ్యాషన్ పత్రికల నుదుట ఆ కుటుంబపు అక్షరాలే ఉంటాయి. పెద్ద హెచ్ అక్షరం చూడండి. ఇరువైపులా రెండు లావుపాటి స్తంభాలు, వాటి మధ్య వెంట్రుక వంటి అడ్డగీత. ఓ అక్షరానికి కుడి ఎడమ బుగ్గలు నిండుగా ఉంటాయి, పైనా కిందా దారమంత సన్నం. స్తంభాల అడుగున చిన్న పాదం ఉంటుంది. దానిని సెరిఫ్ అంటారు. మామూలు పుస్తకాల అక్షరాలలో ఆ పాదం చెట్టు మొదలు నేలలో కలిసినట్లు వంపు తిరిగి కలుస్తుంది. బొడోనిలో ఆ వంపు దాదాపు ఉండదు. కత్తితో కోసినట్లు ఒక సన్నగీత. ఈ లావు సన్నాల మధ్య భేదం ఎంత ఎక్కువైతే అక్షరం అంత ఠీవిగా కనబడుతుంది.

ఈ భేదం ఎక్కడ నుండి వచ్చిందో చూపడానికి రెండు పెన్సిళ్లను రబ్బరుతో కట్టి తెచ్చాను. బోర్డు మీది కాగితం చూడండి. రెండు మొనలూ ఏటవాలుగా పెట్టి గుండ్రం గీస్తున్నాను. ఒకచోట రెండు గీతల మధ్య దూరం పెరిగింది, ఇంకొకచోట రెండూ కలిసిపోయాయి. మధ్య భాగాన్ని సిరాతో నింపితే లావూ సన్నమూ వాటంతట అవే వచ్చాయి. వెడల్పు మొన కలం చేసే పని ఇంతే. మన మలాయి మిత్రులు వెదురు కలంతో ఖత్ రాసేటప్పుడు జరిగేదీ ఇదే. యూరపులో తొలి అచ్చు అక్షరాలు ఈ వెడల్పు కలం రాతను అనుసరించాయి.

ఇప్పుడు రెండవ పనిముట్టు, మొన సూదిగా ఉండి నొక్కితే విచ్చుకునే పాళీ. కిందికి లాగుతూ నొక్కితే గీత లావు. పక్కకు తేలికగా జరిపితే వెంట్రుక. ఇందులో భేదం చేతి వాలు వల్ల రాదు, చేతి బరువు వల్ల వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో యూరపులో దస్తూరీ నేర్పే పంతుళ్లు ఈ రాతనే నేర్పేవారు. రాగిరేకు మీద చెక్కేవారు దానిని ఇంకా సన్నం చేశారు. అచ్చు అక్షరాలు చెక్కేవారు దానిని చూసి, సీసంలో మాత్రం ఎందుకు రాదు అనుకున్నారు.

అలా అనుకున్నవారిలో ముందువాడు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ బాస్కర్‌విల్. ఆయన కూడా మొదట దస్తూరీ పంతులే, నాకు వరుసకు సహోద్యోగి అన్నమాట. తరువాత లక్క పూత సామానుల వ్యాపారంలో ధనం సంపాదించి, ఆ ధనాన్ని అక్షరాల మీద పెట్టాడు. గరుకు కాగితం మీద సన్నగీత నిలవదని నున్నని కాగితం వాడాడు. సిరా ఇంకా నల్లగా చేయించాడు. అచ్చయిన కాగితాలను వేడి రేకుల మధ్య నొక్కించాడు. 1757లో వర్జిల్ కావ్యాలను అచ్చువేశాడు. దేశం మెచ్చుకుంటుందనుకుంటే కొందరు, ఈ సన్నగీతలు చదివేవాళ్ల కళ్లు పోగొడతాయన్నారు.

దీని మీద ఒక ముచ్చట ఉంది. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అచ్చుపనివాడే. 1760లో ఆయన బాస్కర్‌విల్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఒక పెద్దమనిషి తన దగ్గరకు వచ్చి బాస్కర్‌విల్ అక్షరాలు కళ్లకు నొప్పి తెస్తున్నాయని ఫిర్యాదు చేశాడట. ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్లి, అందరూ హాయిగా చదువుకునే కాస్లన్ అక్షరాల నమూనా కాగితం తీసి, పైన ఉన్న పేరు చింపేసి, "ఇదే బాస్కర్‌విల్ నమూనా, ఎక్కడ తప్పుందో చూపండి" అన్నాడట. ఆ పెద్దమనిషి దానిలోనే తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. కళ్లు నొప్పి పుడుతున్నాయని కూడా చెప్పాడు. రోజూ తాను చదివే అక్షరమే అది!

ఈ ముచ్చట చెప్పగానే మన యువకులు నవ్వుతున్నారు. పెద్దవాళ్ల అభ్యంతరం కూడా ఇలాంటిదే అని వారి ఉద్దేశం. తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను.

జంబత్తిస్తా బొడోని 1740లో ఇటలీ ఉత్తరాన సలూజ్జో అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిదీ అచ్చుపనే. కుర్రవాడుగా రోముకు వెళ్లి, క్రైస్తవ మతప్రచార సంస్థ వారి అచ్చుకూటంలో చేరాడు. అక్కడ ప్రాచ్యదేశాల లిపుల అక్షరాలు ఉండేవి. వాటిని శుభ్రం చేసి సర్దే పని ఈ కుర్రవాడికి అప్పగించారు. ఇతర జాతుల లిపులతో చెలిమి చేసి పైకి వచ్చిన మనిషి అని దీని వల్ల తెలుస్తున్నది. 1768లో పార్మా ప్రభువు తన ఆస్థాన ముద్రణాలయానికి ఆయనను పిలిపించాడు. అక్కడే నలభై అయిదేళ్లు పనిచేసి 1813లో కన్నుమూశాడు. 1806లో క్రైస్తవుల ఒక ప్రార్థనను 155 భాషలలో అచ్చువేశాడు. ఆయన పోయిన అయిదేళ్లకు, 1818లో, భార్య మార్గరీటా ఆయన జీవితకాలపు అక్షరాలన్నిటినీ రెండు సంపుటాలుగా వెలువరించింది. మూడు వందలకు లోపు ప్రతులే వేశారు. ఆ తల్లి పూనుకోకపోతే ఈ రోజు మన అట్ట మీద ఆ వరుస ఉండేది కాదేమో.

బొడోని పుస్తకాలు చూసినవారు మొదట చెప్పేది అక్షరాలను గురించి కాదు, ఖాళీని గురించి. పేజీకి నాలుగు వైపులా విశాలమైన తెలుపు, వరుసకూ వరుసకూ మధ్య బోలెడు చోటు. ప్రభువుల బీరువాలలో ఉండే పుస్తకాలు అవి. అదే కాలంలో పారిస్‌లో ఫిర్మిన్ దిదో కూడా ఇలాంటి అక్షరాలే చెక్కాడు. ఎవరు ముందు అని ఇటలీ వారూ ఫ్రాన్సు వారూ తగువులాడుకుంటారు. మనకెందుకు, ఆ ఇద్దరి పేరుతోనే ఈ జాతి అక్షరాలను ఇప్పుడు దిదోన్ అంటున్నారు, అంటే దిదోలో సగమూ బొడోనిలో సగమూ.

నా ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది. పార్మాలోని బొడోని మ్యూజియంలో ఆయన ఉక్కు ముద్రలు ఇరవై వేలకు పైగా ఉన్నాయి. ఒక మనిషికి అన్ని ముద్రలు ఎందుకు? రోమన్ లిపిలో అక్షరాలు ఇరవైఆరే కదా, పెద్దవీ చిన్నవీ కలిపినా యాభై రెండు. ఎందుకంటే సీసం అక్షరాల కాలంలో ప్రతి సైజుకూ అక్షరాన్ని విడిగా చెక్కాలి. ఉక్కు కడ్డీ మొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దానిని రాగిలో కొట్టి, ఆ గుంటలో కరిగిన సీసం పోస్తారు. పెద్ద అక్షరానికి చెక్కిన ముద్ర చిన్న అక్షరానికి పనికిరాదు. కాబట్టి చెక్కేవాడు చిన్న సైజుకు వచ్చేసరికి సన్నగీతను కొంచెం లావు చేసేవాడు, అక్షరాన్ని కొంచెం వెడల్పు చేసేవాడు, అక్షరాల మధ్య ఎడం పెంచేవాడు. చూపుకు అవి ఒకే కుటుంబం. అన్నదమ్ముల పోలిక అంతే, అచ్చుగుద్దినట్లు ఒకటి కావు.

కంప్యూటరు వచ్చాక ఈ పని మరుగున పడింది. ఒకే బొమ్మ, వేలితో నొక్కితే పెద్దదవుతుంది, మళ్లీ నొక్కితే చిన్నదవుతుంది. లెక్క వేద్దాం. 72 పాయింట్ల పెద్ద అక్షరంలో సన్నగీత ఒక పాయింటు మందం ఉన్నదనుకోండి. అదే అక్షరాన్ని 9 పాయింట్లకు తగ్గిస్తే గీత ఎనిమిదోవంతు పాయింటు అవుతుంది. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా లేదు. లావు స్తంభాలు మాత్రం నల్లగా నిలబడి ఉంటాయి. పేజీ అంతా కంచె కర్రలు పాతినట్లు అవుతుంది. కన్ను కర్రలను చూస్తుందే గాని, కర్రలను కలిపే తీగను చూడలేదు. ఫ్రాంక్లిన్ గారి స్నేహితుడిది మనసులోని నొప్పి. ఈ నొప్పి కంటిదే.

ఈ సంగతి ఆ వృత్తి వారికి బాగా తెలుసు. 1990ల తొలినాళ్లలో హార్పర్స్ బజార్ అనే పత్రిక కోసం అమెరికాలో జొనాథన్ హోఫ్లర్ దిదో అక్షరాలను మళ్లీ గీసినప్పుడు, ఏడు సైజులకు ఏడు రకాలుగా గీశాడు, ఎంత పెద్ద శీర్షికలోనైనా వెంట్రుక వెంట్రుకగానే ఉండాలని. 1994లో వచ్చిన ఒక బొడోనిని తయారుచేసినవారు పార్మా వెళ్లి అసలు ముద్రలు చూసి వచ్చి, 6, 12, 72 పాయింట్లకు వేరువేరుగా మూడు రకాలు చేశారు. మన యువకులు తెచ్చినది 72 పాయింట్ల జాతి. దాని స్థానం అట్ట మీద. అక్కడ దానికి సాటి లేదు, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. లోపలి పేజీలో మాత్రం అది పట్టుచీర కట్టుకుని వంట చేసినట్లుంటుంది.

నిరుడు జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కార్యక్రమ పత్రాన్ని ముదురు కుంకుమ రంగు మీద తెల్లని సన్నటి అక్షరాలతో వేశారు. చేతిలో పట్టుకుంటే పెళ్లి పత్రికలా ముచ్చటగా ఉన్నది. రంగు మధ్యలో తెల్లగా వదిలిన అక్షరానికి ఒక చిక్కు ఉంది. సిరా కాగితం మీద కొంచెం పాకుతుంది. తెల్లకాగితం మీద నల్ల అక్షరమైతే సిరా పాకి గీత లావెక్కుతుంది. తెల్ల అక్షరమైతే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి గీతను మింగేస్తుంది. నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే ఇంకా చెప్పనక్కరలేదు. అందరూ కలిసి పాడే పాట రెండవ చరణం వచ్చేసరికి మన అవ్వలు కాగితాన్ని చేయిచాచి దూరం పట్టుకున్నారు, మళ్లీ దగ్గరకు తెచ్చారు, తరువాత పాడడం మానేశారు. చరణం చివరకు మైకు ముందున్న ముగ్గురి గొంతులే మిగిలాయి. ఆ అవ్వలకు తెలుగు చదవడం నేర్పడానికి ఈ తరగతి ఎన్ని శుక్రవారాలు వెచ్చించిందో ఇక్కడున్న చాలామందికి తెలుసు.

ఇక తెలుగు వరుస సంగతి. "పాతకాలం" అన్న ఆ అమ్మాయికి ఒక లెక్క చెబుతాను. బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు తెలుగు పుస్తకాలను జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 1747 ప్రాంతాలలో అచ్చువేయించాడు. అప్పటికి బొడోని ఆరేడేళ్ల పిల్లవాడు. బాస్కర్‌విల్ వర్జిల్ ఇంకా పదేళ్లకు గాని రాలేదు. అచ్చులో తెలుగు అక్షరం మీరు ముచ్చటపడే ఆ అక్షరం కన్నా వయసులో పెద్దది. అక్కగారు పక్కన నిలబడితే పాతకాలం అంటే ఎలా తల్లీ?

అయినా ఆ అమ్మాయి కన్ను తప్పు చూడలేదు. తెలుగు వరుస నిజంగానే చిన్నబోయి ఉన్నది. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది కొలత. రెండింటికీ ఒకే పాయింటు సైజు పెట్టారు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు కిందికి దిగే పని లేదు. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద కొమ్ములు, వత్తులు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. వీటన్నిటికీ చోటు వదలాలి కాబట్టి అదే సైజులో అసలు అక్షరం చిన్నదవుతుంది. సంఖ్య సమానం చేస్తే చూపు సమానం కాదు. తెలుగు వరుసకు సైజు పెంచి, "క" పొట్టా ఇంగ్లీషు అక్షరమూ కంటికి సమానంగా తూగేదాకా సరిచేయాలి. దీనికి స్కేలు వద్దు, పది అడుగుల దూరం నుండి చూసే కళ్లు చాలు.

రెండవది గీత. మన లిపి తాటాకు మీద గంటంతో పెరిగింది. గంటం గీత నొక్కినా లావు కాదు, వాలినా సన్నం కాదు. అడ్డంగా బారుగా గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రం తిరిగాయని పండితులు చెబుతారు. కాగితమూ కలమూ వచ్చాక లావు సన్నాలు మనకూ వచ్చాయి. మద్రాసులో 1854లో పుట్టిన వావిళ్ల వారి వంటి ముద్రణాలయాలు సీసంలో చేసిన పుస్తకాలు చూడండి, గీతలో నిండుదనం ఉంటుంది. అయితే మన లావు ఎక్కడ రావాలో మన అక్షరమే చెప్పాలి. బొడోని సూత్రం నిలువు లావు, అడ్డం సన్నం. "ఠ" లోనూ "ల" లోనూ నిలువు స్తంభం ఎక్కడుంది? బొడోని సూత్రాన్ని దాని మీద మోపితే చక్రం ఒక పక్క వాచినట్లుంటుంది.

అందం మాట అలా ఉంచండి, అర్థం మాట చూడండి. "ద" కూ "ధ" కూ తేడా అడుగున ఉన్న చిన్న గీత. "ప" కూ "ఫ" కూ అంతే, "డ" కూ "ఢ" కూ అంతే. "థ" కు కడుపులో చుక్క. సన్నగీతల తెలుగు అక్షరాన్ని చిన్న సైజులో వేసి, దానిని జిరాక్స్ తీస్తే మొదట మాయమయ్యేవి ఇవే. దార అంటే భార్య, ధార అంటే ప్రవాహం. ఇంట్లో తెలుగు వినే పెద్దలకు సందర్భం తెలుస్తుంది, వారు సర్దుకుంటారు. వారానికి రెండు గంటలు తప్ప తెలుగు చెవిన పడని పిల్లలకు ఆ చిన్న గీతే ఆధారం. అది మాయమైతే పిల్ల తప్పు చదువుతుంది. తప్పు చదివితే తరగతిలో అందరూ నవ్వుతారు. రెండుసార్లు నవ్వితే మూడవ వారం ఆ పిల్లకు ఇంట్లో ట్యూషను పని పడుతుంది. అలా మానేసినవారి పేర్లు హాజరు పట్టీలో నా దగ్గర ఉన్నాయి.

అట్ట మీద తెలుగు పేరుకు ఠీవి రావాలంటే దారులు లేకపోలేదు. బాపు గారి చేతిరాత చూడండి. కలం విసురులో లావూ సన్నమూ ఎంత సొగసుగా వస్తాయో! ఆ సొగసు ఇటలీ నుండి తెచ్చుకున్నది కాదు. సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన అక్షరాలలో రామరాజ అనేది శీర్షికలకూ ఆహ్వానపత్రాలకూ పనికివచ్చే రకం. అందులో తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తుల గారివి, వాటితో జతచేసిన ఇంగ్లీషు అక్షరాలు బొడోని కుటుంబపు పోలికలున్న విడలోక అనేవి. రెండింటినీ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన మనకు ముందే ఇతరులు చేశారు.

కార్యవర్గానికి నా మనవి ఇది. అట్ట మీద ఇంగ్లీషు పేరు యువకులు తెచ్చిన బొడోనిలోనే ఉండనివ్వండి. 60 పాయింట్లకు తగ్గించవద్దు, వెనుక ఫొటో పెట్టవద్దు, చుట్టూ బొడోని వదిలినట్లే తెలుపు వదలండి. తెలుగు పేరును చేతితో రాయించడమో, శీర్షికల కోసమే చేసిన తెలుగు అక్షరం వాడడమో చేసి, ఇంగ్లీషుతో కంటికి సమానంగా తూచండి. లోపల గీతలు సమంగా ఉన్న గట్టి అక్షరం, 12 పాయింట్లకు తక్కువ లేకుండా, తెల్లకాగితం మీద నలుపు. పాటల పేజీలు 14. కోశాధికారి గారు అప్పుడే వేళ్లు మడుస్తున్నారు. పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, నిజమే. శుభాకాంక్షల పేజీలలో మా అందరి ఫొటోలు కొంచెం చిన్నవి చేస్తే ఆ చోటు దొరుకుతుంది. నాదాంతో మొదలుపెట్టండి.

టీ బల్ల మీద మూడు నమూనాలు పెట్టాను. ఒకటి యువకులు తెచ్చినది, ఒకటి చేతిరాతది, ఒకటి రామరాజతో చేసినది. వాటి పక్కన నిరుటి పాట రెండవ చరణాన్ని రెండు రకాల అక్షరాలలో అచ్చుతీసి ఉంచాను. డెబ్బై దాటినవారూ, పన్నెండు లోపువారూ ముందుగా చూడాలి. కళ్లద్దాలు ఉన్నవారు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదవండి. తడబడిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. పెన్సిళ్లు డబ్బాలో ఉన్నాయి, ఆ రెండు కట్టినవి మాత్రం తీసుకోవద్దు, రేపు తరగతికి కావాలి.